అన్నీ తెలిసిన అయ్యగారి గుర్రం

జూన్ 20

మావయ్యకి,

ముందే చెప్పేస్తున్నా: అమ్మ బాగానే ఉంది, నేనూ బాగానే ఉన్నాను, నీ దగ్గర అప్పు అడగడానికి రాయడం లేదు. కాబట్టి కళ్ళజోడు తుడుచుకుని నింపాదిగా చదువు. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. "మా అన్నయ్య ఫోనెత్తి హలో అనడే, 'ఎవరదీ' అని గద్దిస్తాడు. నువ్వు చెప్పదల్చుకున్నది కాస్తా మర్చిపోతావు. ఉత్తరం రాయి" అంది అమ్మ.

నాకు ఉద్యోగం వచ్చింది. సర్కారు బడిలో నాటకం టీచరు. నవ్వకు. ఈ ఊరి సర్కారు బళ్ళకి నాటకం టీచర్లని వెయ్యడం ఇదే మొదలు. హాజరుపట్టీలో నా పేరు ఎదురుగా ఏ సబ్జెక్టు రాయాలో తెలియక గుమాస్తా "ఇతరములు" అని రాసుకున్నాడు.

నాకిచ్చిన గది పాత సైన్సు ల్యాబు. మధ్యలో పొడుగాటి సిమెంటు బల్ల ఉంది, అదే మా స్టేజీ. గోడకి జీర్ణవ్యవస్థ బొమ్మ మేకులతో కొట్టేశారు, ఊడి రావడం లేదు. రాజుగారు ఎక్కడ నిలబడ్డా ఆయన వెనకాల పేగులు కనిపిస్తాయి. రోడ్డుకి అవతల ఫీజుల బడి ఉంది. వాళ్ళకి మీట నొక్కితే తెరుచుకునే తెర ఉందట. వాళ్ళ నాటకాల రోజున మా పిల్లలు ప్రహరీ దగ్గర నిలబడి వింటారు. మా వాళ్ళకి చప్పట్లు ఎలా ఉంటాయో తెలుసు మావయ్యా, దేనికి కొట్టారో తెలియదు.

ఇంకో చిక్కు. మా హెడ్మాస్టరు గారు ఒక రూలు పెట్టారు. లెక్కల్లో పాసైన వాళ్ళకే నాటకం. తప్పినవాళ్ళు ఆ పీరియడ్లో ఎదుటి గదిలో కూర్చుని అదనంగా లెక్కలు చెయ్యాలి. దాంతో నాకు చేతులు కట్టుకుని కూర్చునే పిల్లలే మిగిలారు. "కోపం తెచ్చుకోరా" అంటే "ఎంత తెచ్చుకోవాలి మేడం?" అని అడుగుతారు.

సెప్టెంబరులో ఒక కమిటీ వస్తుంది. మా బళ్ళో ఒక నాటకం చూసి, సర్కారు బళ్ళలో నాటకం పీరియడ్ ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తుంది. తీసేస్తే ఈ గది విరిగిన బెంచీలకి, నేను ఆఫీసులో ముద్రలు కొట్టడానికి.

అందుకని ఒక నాటకం రాసి పెట్టు. అరగంటే ఉండాలి. ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒక మాటైనా ఉండాలి. దుస్తులు లేవు, దీపాలు లేవు. ఎవరూ చావకూడదు. నీ నాటకాల్లో రెండో అంకానికల్లా అందరూ పోతారని అమ్మ ముందే హెచ్చరించింది.

నీ మేనకోడలు
(ఇతరములు)

*

జూన్ 29

ఇతరములు గారికి,

ఆశీస్సులు. మీ అమ్మ చెప్పింది అబద్ధం. నా నాటకాల్లో అందరూ చావరు. ఒకడు మిగులుతాడు, పోయినవాళ్ళ తప్పులు చెప్పడానికి.

నన్ను నాటకం అడిగేముందు నా చరిత్ర కాస్త విచారించాల్సింది. పత్రికలో ముప్ఫై ఏళ్ళు నాటక సమీక్షలు రాసి, ఊళ్ళోని నటులందరినీ ఒక్కొక్కరిగా శత్రువుల్ని చేసుకున్నవాణ్ణి. అది కూడా పద్ధతిగా, వారానికొకరిని. నేను స్వయంగా రాసిన నాటకాల్లో స్టేజీ ఎక్కింది ఒక్కటే. రెండో అంకానికి హాల్లో కంటే స్టేజీ మీదే జనం ఎక్కువున్నారు. మొత్తం అందరిలోకీ హాయిగా నిద్రపోయినవాడు ఒక్కడే, వాడు శవం వేషం వేసినవాడు. ఆ ప్రదర్శనకి సమీక్ష రాయమని మా సంపాదకుడు నన్నే అడిగాడు. రాశాను. నా జీవితంలో నేను దయగా రాసిన సమీక్ష అదొక్కటే, ఎవరూ నమ్మలేదు.

ఇక అందరికీ నాటకం అన్న నీ మాట. కళ కుళాయి నీళ్ళు కాదు, వీధి వీధికీ గొట్టం వేసి పంచడానికి. ఈ మాట నేనొకప్పుడు పత్రికలో పెద్ద అక్షరాల్లో రాశాను. ఆ వారమంతా మా వీధికి నీళ్ళు రాలేదు.

నేను చదువుకున్నదీ సర్కారు బడే. మా డ్రాయింగు మాస్టారు పాపం నాటకం కూడా ఆయనే వేయించేవారు, బొమ్మలు ఎలా గీసేవారో అలాగే. మా తరగతిలో అప్పటికే గొంతు మందంగా ఉన్న ఒకడుండేవాడు. గంటస్తంభం అని పిలిచేవాళ్ళం. పొడుగు, పైగా ఎవరూ అడక్కుండానే మోగేవాడు. వాడు రాజు. నేను గుర్రం. గుర్రమంటే నాలుగు కాళ్ళ మీద స్టేజీ ఎక్కడం కాదు, ఆ మర్యాద కూడా దక్కలేదు. తెర వెనక నేల మీద కూర్చుని రెండు చెక్కముక్కలతో డెక్కల చప్పుడు చెయ్యాలి. చేశాను. అరిచేతులు పొక్కాయి. జనం రాజుకి చప్పట్లు కొట్టారు. వాడు తర్వాత పెద్ద నటుడయ్యాడు. ఎవరు పలకరించినా "నా తొలి పాత్ర రాజు" అని మొదలుపెడతాడు. గుర్రం లేకుండా ఆ రాజు ఎలా వచ్చాడయ్యా అని ఒక్క విలేకరి కూడా అడగలేదు. నేను కూడా విలేకరినే, నాకు అడగడానికి పరువు అడ్డమొచ్చింది.

కాబట్టి రాయను. పిల్లల కోసం రాయడం నాకు చేతకాదు. పెద్దల కోసం రాయడం చేతకాదని ఇప్పటికే రుజువైంది.

మీ అమ్మని మోకాలి నొప్పికి మెట్లెక్కొద్దని చెప్పు.

ఇట్లు,
మావయ్య

తా.క. కమిటీ అన్నావు. అందులో కూర్చునేది ఎవరు? ఊరికే అడుగుతున్నా.

*

జూలై 8

మావయ్యా,

ఊరికే అడిగిన ప్రశ్నకి ఊరికే జవాబు. కమిటీకి అధ్యక్షుడు మీ రాజుగారే. గంటస్తంభం గారు. నీ ఉత్తరం వచ్చిన రోజే సర్క్యులర్ కూడా వచ్చింది. అందులో ఆయన పేరు చదివి అమ్మ "అయిపోయింది, ఇక మా అన్నయ్య ఈ ఊరి పొలిమేర తొక్కడు" అంది.

రాయనన్నావు కాబట్టి బలవంతం చెయ్యను. మా గోడు మాత్రం విను. ఎదుటి గదిలో లెక్కలు చేసేవాళ్ళలో ఒక పిల్ల ఉంది. అందరూ మిడత అంటారు, ఒకచోట నిలబడదు. నడవాకి అటూ ఇటూ రెండు గదుల కిటికీలూ ఎదురెదురు. నేను ఇక్కడ ఏం నేర్పినా ఆ పిల్ల అక్కడ కూడికలు చేస్తూ పట్టేస్తుంది. మొన్న మా క్లాసు ఫస్టు అబ్బాయి అలిగిన తాతగారి మాటలు చెబుతూ ఆగిపోయాడు. కిటికీ లోంచి మిడత అందించింది. అందించడం కాదు, అలిగి మూతి తిప్పుకుంది. రెండు గదులూ నవ్వాయి. లెక్కల మాస్టారు కూడా నవ్వి, వెంటనే దగ్గాడు.

హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళి ఆ పిల్లనివ్వండి సార్ అన్నాను. "పాసవ్వనీ అమ్మా, ఇద్దాం. నాటకం ఎక్కడికి పోతుంది?" అన్నారు. "సెప్టెంబరులో పోతుంది సార్" అన్నాను. ఆయనకి నవ్వు రాలేదు.

నువ్వు రాయకపోతే ఏవో పాత వాచకాల్లో సంభాషణలు ఏరుకుని వేస్తాం. బాగుండవు. అయినా పీరియడ్ పోయేదెలాగూ పోతుంది కదా, బాగుండకపోతే త్వరగా పోతుంది.

నీ
ఇతరములు

*

జూలై 19

చిరంజీవికి,

దీనితో నాటకం పంపుతున్నాను. పేరు "అన్నీ తెలిసిన అయ్యగారు". ఆశ్చర్యపోకు. నేను మనసు మార్చుకునే మనిషిని కాను, కానీ ఈసారి మనసు తనంతట తనే మారింది. మూడు రోజుల్లో రాశాను. చిన్నప్పటినించీ కడుపులో ఉన్నది కాబట్టి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

కథ నీకు చెబుతాను, ఆ తొందర రాత నువ్వు చదవలేవు. ఒక అయ్యగారు గుర్రం మీద ఒక ఊరికి వస్తాడు. అన్నీ తనకే తెలుసు. రొట్టెలు కాల్చేవాడి దగ్గరికెళ్ళి పిండి అలా పిసక్కూడదంటాడు. దర్జీతో కత్తెర అలా పట్టుకోకూడదంటాడు. చెట్టు మీద పిట్టలతో శ్రుతి తప్పిందంటాడు. ఎవరు ఏం చేసినా "మా రోజుల్లో" అని మొదలెడతాడు. ఊరంతా పని ఆపి ఆయన మెచ్చుకోలు కోసం చేతులు కట్టుకుని నిలబడుతుంది. రొట్టెల్లేవు, చొక్కాల్లేవు, పాటల్లేవు. చివరికి ఒక చిన్న పిట్ట "అయ్యగారూ, మీరు చేసి చూపించండి" అంటుంది. ఆయనకి ఏదీ రాదు. గుర్రం కూడా ఆయన్ని వదిలి వెళ్ళిపోతుంది. తెర. ఊరన్నాక ఎందరైనా ఉంటారు కాబట్టి నీ పిల్లలందరికీ మాటలున్నాయి. ఎవరూ చావరు.

గుర్రం స్టేజీ మీద కనిపించదు. డెక్కల చప్పుడే. కానీ గట్టిగా ఉండాలి. అయ్యగారు నోరు తెరిచినప్పుడల్లా గుర్రం ఆయన మాటని తొక్కెయ్యాలి.

అయ్యగారు ఎవరో నేను పేరు రాయను. రెండో పేజీకల్లా నీకే తెలుస్తుంది. వేషం వేసేవాళ్ళకి ఇది చెప్పు: అలాంటి మనిషి కూర్చోబోయే ముందు కుర్చీని దులుపుతాడు, అది తనని అవమానించినట్టు. ఎదుటివాడి మాట చివరిదాకా విననే వినడు. ఎవరినైనా మెచ్చుకోవాల్సి వస్తే దాహమేస్తుంది, మంచినీళ్ళు అడుగుతాడు.

కమిటీ వాళ్ళ కుర్చీలు ముందు వరసలో వెయ్యి. అధ్యక్షుడిది నడిమధ్యన.

మావయ్య

*

ఆగస్టు 3

మావయ్యా,

రెండో పేజీ దాకా అక్కర్లేకపోయింది. అయ్యగారు నోరు తెరవగానే తెలిసిపోయింది. అమ్మకి చదివి వినిపించాను. మంచినీళ్ళు అడిగే చోట అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి, తర్వాత కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళకి మా అన్నయ్యకి ఇంత ధైర్యం ఎక్కడినించి వచ్చిందే" అంది. నాకూ అదే అనిపించింది. ఇలా రాయడానికి చాలా పెద్ద మనసుండాలి. నీకు అంత మనసుందని నేను అనుకోలేదు, ఏమనుకోకు.

ఒక్కటే సందేహం. కమిటీ ముందు, ఊరందరి ముందు వేస్తున్నాం. మనిషెవరో పోల్చుకుంటారు. నీకు ఫర్వాలేదు కదా? బాధపడనంటేనే వేస్తాను.

అయ్యగారి వేషం ముందు ఫస్టు అబ్బాయికే ఇచ్చాను. వాడు "మా రోజుల్లో" అని రసీదు చదివినట్టు చదివాడు. కిటికీ అవతల మిడత తల కొట్టుకుంది. మళ్ళీ హెడ్మాస్టరు గారి దగ్గరికెళ్ళాను. కాసేపు ఫ్యాన్ వైపు చూసి, "కమిటీకి నచ్చితే నాకు ముందే తెలుసు. నచ్చకపోతే నాకసలు తెలియదు. వెళ్ళమ్మా" అన్నారు. మిడత నడవా దాటి వచ్చేసింది.

నడక నేనే చూపించాను. చంకలో గొడుగు, ఎండైనా వానైనా. ఎవరినైనా తిట్టే ముందు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కుడి చెవి ముందుకు పెట్టి, కనుబొమ్మ ఎత్తడం. మిడత ఒక్కసారి చూసి చేసేసింది. అమ్మ రిహార్సలుకి వచ్చి "ఆ గొడుగు కొంచెం పైకి పెట్టుకోవే పిల్లా, ఆ, అదీ" అని సరిదిద్దింది.

డెక్కల చప్పుడే కుదరడం లేదు. చెక్కలు కొడితే ఎవరో తలుపు తడుతున్నట్టుంది. "ఇది రాసినాయన చిన్నప్పుడు తెర వెనక గుర్రం" అని పిల్లలకి చెప్పాను. మిడత "మరి ఆయన్ని స్టేజీ మీదికి ఎవరూ పిలవలేదా మేడం?" అని అడిగింది. "లైన్లో నిలబడండి" అన్నాను. టీచర్లు అలాగే అంటారు కదా.

నీ ఇతరములు

*

ఆగస్టు 12

చిరంజీవికి,

నేను బాధపడటమా? నిక్కర్లేసుకున్న నాటినించీ ఎదురుచూస్తున్నానే ఈ రోజు కోసం! పోల్చుకోనీ. ఊరంతా పోల్చుకోనీ. పోల్చుకోకపోతేనే నాకు బాధ. పెద్ద మనసన్నావు, అది మాత్రం కాస్త ఎక్కువైంది, కానీ వద్దనను. నాకు మెచ్చుకోళ్ళు అరుదుగా వస్తాయి, తిప్పి పంపే అలవాటు లేదు.

నువ్వు చేర్చిన చేష్టల గురించి ఒకటి రెండు మాటలు. గొడుగు ఎందుకు? ఆ పెద్దమనిషి జన్మలో గొడుగు పట్టలేదు, ఆయన వెనకాల పట్టేవాళ్ళుంటారు. కళ్ళజోడు కూడా లేదనుకుంటాను. కుడి చెవి ముందుకు పెట్టి వినడం నాలాగా ఎడమ చెవి మూసుకుపోయిన వాళ్ళు చేసే పని, ఆయనవి రెండూ పనిచేస్తాయి, సొంత గొంతు వినడానికి. అయినా ఉంచు. దర్శకత్వం నీది. ఈ కాలం పిల్లలు ఏదో ఒకటి కలపకుండా ఉండలేరు. మా రోజుల్లో రాసింది రాసినట్టు వేసేవాళ్ళం.

డెక్కల సంగతి చెబుతాను విను. చెక్కని చెక్కతో కొడితే తలుపు చప్పుడే వస్తుంది. కింద మడత పెట్టిన గోనెసంచి వెయ్యి. రెండు చెక్కలూ ఒకేసారి పడకూడదు, ఒకదాని వెనక ఒకటి తొందరగా, తర్వాత కాస్త ఆగాలి. ఆ ఆగడంలోనే గుర్రం ఉంటుంది. దూరంనించి వస్తున్నప్పుడు గోనె మీద, దగ్గరికొచ్చాక నేల మీద. ఇన్నేళ్ళలో ఈ విద్య నన్నెవరూ అడగలేదు. ఎవరికీ చెప్పకుండా పోతానేమో అని బెంగపడ్డానని అనుకోకు.

ఆ మిడతకి చెప్పు, నడక పొగరుగా ఉండాలని.

నాటకం అయ్యాక అధ్యక్షుడి మొహం ఎలా ఉందో రాయి. ముఖ్యంగా మంచినీళ్ళ దగ్గర.

మావయ్య

*

సెప్టెంబరు 6

మా మావయ్యకి,

గెలిచాం! ముందు అది రాసేసి తర్వాత మిగతాది.

ముందు వరస మధ్యలో మీ గంటస్తంభం గారు కూర్చున్నారు. మోకాళ్ళు సిమెంటు బల్లకి తగిలాయి, అంత పొడుగు. మొహం చూస్తే పెళ్ళికి పిలిచి భోజనం పెట్టనట్టుంది. తెర లేదు కాబట్టి లెక్కల మాస్టారు తలుపు తీసి "ప్రారంభం" అన్నాడు.

నడవా చివరినించి డెక్కల చప్పుడు వచ్చింది. గోనె మీద, తర్వాత నేల మీద. ఆయన తల ఎత్తారు. మిడత వచ్చింది, చంకలో గొడుగుతో. కుర్చీ దులిపింది. కళ్ళజోడు తీసి తుడిచింది. గంటస్తంభం గారు ఒక్కసారిగా తొడ మీద కొట్టుకుని "ఓరి నీ! వీడు వాడేరా!" అన్నారు. గదంతా మోగింది. పక్కనున్న మెంబరు "ఎవరండీ?" అంటే, "మా క్లాసువాడే. ముప్ఫై ఏళ్ళు నన్ను పేపర్లో ఉతికి ఆరేశాడు. సరిగ్గా ఇలాగే కళ్ళజోడు తుడిచేవాడు. తుడిచాడంటే ఆ వారం నా పని అయిపోయినట్టే" అన్నారు. మంచినీళ్ళ దగ్గర ఆయనకి దగ్గొచ్చి నిజంగానే మంచినీళ్ళు తేవాల్సి వచ్చింది.

చివర మాత్రం నువ్వు రాసింది రాసినట్టు జరగలేదు. నా తప్పు లేదు. గుర్రం వెళ్ళిపోయింది, చప్పుడు నడవాలో తగ్గిపోయింది. అక్కడ అయిపోవాలి. మిడత పోలేదు. ఒంటరిగా నిలబడి కుడి చెవి పెట్టి విన్నది. తర్వాత గొడుగు కింద పెట్టి, బల్ల దిగి, దాని కిందకి వంగి, రిహార్సల్ చెక్కలు రెండు తీసుకుని, నేల మీద కూర్చుని తనే డెక్కల చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. మెల్లగా. అన్నీ తెలిసిన అయ్యగారికి అదొక్కటే చేతనవును అన్నట్టు. అవతల నడవాలోనించి గుర్రం జవాబిచ్చింది. తిరిగొచ్చింది. నేను చెప్పలేదు మావయ్యా, పిల్లలు వాళ్ళలో వాళ్ళే అనుకున్నారట.

గంటస్తంభం గారు లేచి పిల్లలతో చెప్పారు. "నేను మొదటిసారి స్టేజీ ఎక్కినప్పుడు కాళ్ళు వణికాయి. నడవలేకపోయాను. వెనకాల వాడు చెక్కలు కొడుతున్నాడు. ఆ చప్పుడు విని నిజంగానే గుర్రం మీదున్నాననుకుని వెళ్ళాను. తర్వాత ఎన్ని నాటకాలు వేశానో, అంత మంచి గుర్రం మళ్ళీ దొరకలేదు." ఇంకా అన్నారు: "నన్ను తిట్టాడు, సరే. తనని తను ఇంత చక్కగా తిట్టుకోగలడని తెలీదు. నా వల్ల కాదు అది."

తర్వాత మిడత ఏ క్లాసని అడిగారు. హెడ్మాస్టరు గారు ముందుకొచ్చి "మా బళ్ళో మేటి విద్యార్థిని సార్" అన్నారు. "దేంట్లో?" "...నాటకంలో సార్." లెక్కల మాస్టారు దగ్గాడు. అప్పుడు ఆ రూలు సంగతి బయటపడింది. గంటస్తంభం గారు "మా బళ్ళో ఈ రూలుంటే నేను రాజునయ్యేవాణ్ణి కాదు. గుర్రమూ ఉండేది కాదు, వాడికి నాకంటే తక్కువొచ్చేవి" అన్నారు. నాటకం అందరు పిల్లలకీ ఉండాలని, మార్కులతో పని లేదని రాస్తానన్నారు. వచ్చే నెల మొదట్లో సంతకాలు.

నిన్ను నువ్వు బయట పెట్టుకుని మా పీరియడ్ నిలబెట్టావు. గొడుగు, చెవి నేనే చేర్చానని కోపమొస్తే అమ్మని తిట్టు, సగం ఆవిడే.

నీ
ఇతరములు
(గుమాస్తా కొట్టేసి "నాటకము" అని రాశాడు)

*

సెప్టెంబరు 12

ఉత్తరం అందింది. చదివాను. ఎడమ చెవిలాగే కళ్ళు కూడా పోయాయేమో అనుకుని మళ్ళీ చదివాను.

అది నేను కాదు.

ఆ అయ్యగారు వాడు! గంటస్తంభం! ప్రతి మాటా వాణ్ణి చూస్తూ రాశాను. వాడు ముందు వరసలో కూర్చుని తన బొమ్మ చూసుకుని నవ్వి, అది నాకు తగిలించి, పైగా నన్ను మెచ్చుకుని పోయాడా? నువ్వు పక్కనే నిలబడి చూశావా? గొడుగట, కళ్ళజోడట! నా చెల్లెలు, నా రక్తం, "కొంచెం పైకి పెట్టుకోవే" అని సరిదిద్దిందట!

వెంటనే వాడికి రాయి. అది ఎవరో తేటతెల్లంగా రాయి. నా పేరుతో రాయి, నాకు భయం లేదు.

మావయ్య

*

సెప్టెంబరు 18

మావయ్యా,

నీ ఉత్తరం చదివి నేను, అమ్మ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అమ్మ "మా అన్నయ్యకి నిజంగానే తెలియదే" అంది. నవ్వలేదు.

నువ్వు చెప్పినట్టే ఆయనకి ఉత్తరం రాశాను. "అయ్యా, ఆ అయ్యగారు మీరే, మిమ్మల్ని ఎగతాళి చెయ్యడానికే మా మావయ్య ఆ నాటకం రాశాడు" అని. కవరు మీద స్టాంపు కూడా అంటించాను. బల్ల మీదే ఉంది. సంతకాలు ఇంకా కాలేదు. ఇది అందాక ఆయన సంతకం పెడతారో లేదో నాకు తెలియదు. నీకే బాగా తెలుసు, ఆయనకి ఎంత పౌరుషమో. నాటకం నీది, హక్కు నీది. పంపమంటే పంపేస్తాను, మనసులో ఏమీ పెట్టుకోను. పెట్టుకుంటాను, కానీ చెప్పను.

అదనపు లెక్కల పిల్లలు ఇప్పుడు అందరూ ల్యాబులోనే ఉంటున్నారు. చోటు చాలక కొందరు సింకులో కూర్చుంటున్నారు. నిన్న ఒకడు మొదటిసారి కోపం తెచ్చుకున్నాడు. ఎంత తెచ్చుకోవాలని అడగలేదు.

మిడత రోజూ అడుగుతోంది, "నడక ఆయనకి నచ్చిందా మేడం?" అని. ఏం చెప్పమంటావు?

నీ మేనకోడలు

*

సెప్టెంబరు 25

అమ్మడూ,

ఆ కవరు పంపకు. స్టాంపు ఆవిరి పట్టి ఊడదీసి ఇంకోదానికి వాడుకో.

నీ ఉత్తరం వచ్చాక, నువ్వూ మీ అమ్మా ఎంత పొరబడ్డారో రుజువు చేద్దామని లేచాను. బజారుకి వెళ్ళాలి కదా అని గుమ్మం దగ్గర గొడుగు చంకలో పెట్టుకున్నాను. బయట మండుటెండ. పక్కింటాయన ఏదో చెప్పబోతే కుడి చెవి పెట్టి, సగంలోనే "మా రోజుల్లో" అన్నాను. ఇంటికొచ్చి కుర్చీ దులిపాను. అంత శ్రద్ధగా, అంత ద్వేషంతో ఇన్నేళ్ళు ఒక మనిషిని గమనించి రాస్తే, వాడు కాకుండా నేను తేలాను. నా నాటకాలన్నిట్లో పాత్ర అచ్చంగా కుదిరింది ఇదొక్కటే, అది కూడా నాకు తెలియకుండా. ముప్ఫై ఏళ్ళ సమీక్షకుణ్ణి, ఆ మాట మిడత చెబితే గానీ కనిపెట్టలేకపోయాను.

వాడు నన్ను మెచ్చుకోవాలని బడి రోజుల్నించీ కాచుకుని కూర్చున్నానని ఇప్పుడు చెప్పడం సిగ్గుచేటు. కూర్చున్నాను. తీరా వాడు మెచ్చుకున్నాడు, గుర్రంగా. అది చదివాక నాకు దాహమేసింది. మంచినీళ్ళు తాగాను.

వాడికి నేనే రెండు ముక్కలు రాశాను. తిట్టలేదు. "నీ కాళ్ళు వణికాయని అప్పుడే చెప్పి ఉంటే ఇంకాస్త గట్టిగా కొట్టేవాణ్ణి" అని రాశాను. అయ్యగారు ఎవరన్న సంగతి ఎత్తలేదు. వాడు అనుకున్నదే నిజమని తేలింది కాబట్టి ఎత్తడానికి ఏమీ లేదు.

మిడతకి చెప్పు, నడక బాగుందట, కానీ నేను అంత వంగను అని. చివర చెక్కలు కొట్టడం నేను రాయలేదు. రాయాల్సింది. రాయడం నాకు తోచలేదని కూడా చెప్పు, ఆ పిల్లకి పనికొస్తుంది.

ఇంకొకటి. నేల మీద కొట్టేటప్పుడు మీవాళ్ళు తొందరపడుతున్నారని నాకు అనుమానం. నువ్వు రాసిన దాన్నిబట్టే తెలుస్తోంది. ఆగాల్సిన చోట ఆగడం ఉత్తరంలో నేర్పలేను. వచ్చే వారం నాటకం పీరియడ్ ఏ రోజో రాయి, నా చెక్కలు నేనే తెచ్చుకుంటాను. నేల మీద కూర్చోగలను, లేవడానికి మాత్రం ఇద్దరు పిల్లలు కావాలి.

హెడ్మాస్టరు గారి రూలు నిజంగానే పోయిందో లేదో ఒకసారి కనుక్కో. నాకు లెక్కల్లో ఎప్పుడూ పాస్ మార్కులు రాలేదు. ఇంత దూరం వచ్చాక గుమ్మంలో ఆపి ఎదుటి గదిలో కూర్చోమంటే, ఈ వయసులో కిటికీలోంచి చూడటం నా వల్ల కాదు.

ఇట్లు,
గుర్రం